గజానికి రెండు వేళ్ళ వాలు

మనకోసం ఒకరు మోకాళ్ళు అరగదీసుకుని చేసిన పని మనకు పనికిరాకుండా పోతే, ఆ సంగతి వాళ్ళకు చెప్పాలా? చెప్పాల్సిందే అంటారు చాలామంది. వాళ్ళకెప్పుడూ చెప్పాల్సిన అవసరం వచ్చి ఉండదు. ఇది రాస్తున్న చేతికి మాత్రం ఆ ప్రశ్నకు జవాబు ఇప్పటికీ దొరకలేదు. కాజాలక్క సంగతి చెప్పడం ఒక్కటే చేతనవును.

ఆమె అసలు పేరు వీధిలో సగం మందికి తెలియదు. పాతపేట నడిబొడ్డున, గడియారం చౌకులోకి దిగే రాళ్ళ వీధి పైకొసన, మూడో ఇంటి కింది గదిలో కూర్చుని కాజాలు కుట్టేది. దర్జీలు కోటంతా దర్జాగా కుట్టుకొచ్చి, గుండీ దూరే ఆ బొటనవేలంత చీలిక దగ్గర చేతులెత్తేసి, ఆమె ఒళ్ళో పడేసి పోయేవాళ్ళు. ఆమె చెక్క దిమ్మ మీద గుడ్డ పరచి, బెత్తెడు ఉలి ఆనించి, చిన్న సుత్తితో ఒక్క దెబ్బ వేసేది. ఒక్కటే. రెండో దెబ్బ పడిందంటే పోగులు లేస్తాయి, ఇక ఆ కాజా ఎన్నాళ్ళో బతకదు. తర్వాత మైనం పట్టించిన దారంతో అంచులు చుట్టుకుంటూ వచ్చేది. ఆమె చేతి కాజా కోటు చిరిగినా చిరగదని పేరు.

ఆమె తమ్ముడిదీ ఉలి పనే. రాళ్ళ మేస్త్రి. "మా అక్క ఉలి బెత్తెడు, నా ఉలి మూరెడు. పదును మాత్రం ఆవిడ నోటికే ఎక్కువ" అనేవాడు. పాతపేటలో ఒక రాయి కదిలినా, ఒక మెట్టు విరిగినా ఎవరుపడితే వాళ్ళు ముట్టుకోవడానికి లేదు. పాత కట్టడాల కమిటీ అని ఒకటుంది. వాళ్ళ జాబితాలో ఐదుగురు మేస్త్రీల పేర్లుంటాయి. ఆ ఐదుగురే ముట్టుకోవాలి. అతని పేరు వాళ్ళ నాన్న పోయిన ఏడు ఆ జాబితాలోకి ఎక్కింది.

నాన్న దగ్గర నేర్చిన పద్ధతి ఒకటి అతను ఎన్నడూ తప్పలేదు. బండ పరిచాక చెక్క సుత్తితో మూడు దెబ్బలు వేస్తాడు. ఆగుతాడు. తల వంచి చెవి బండకు ఆనిస్తాడు. కింద ఎక్కడైనా బోలుంటే ఇసుక జారే చప్పుడు సన్నగా వినిపిస్తుంది. అది ఆగేదాకా మళ్ళీ మూడు, మళ్ళీ వినడం. "కొట్టడం ప్రతివాడికీ వస్తుందిరా, ఆగి వినడమే మన పని" అనేవాడట నాన్న. చిన్నప్పుడు అక్కాతమ్ముళ్ళిద్దరూ నాన్నకు భోజనం గిన్నె పట్టుకెళ్ళి, ఆ మూడు దెబ్బల తర్వాత ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళు. ఆ నిశ్శబ్దంలో మాట్లాడితే నాన్న చేతిలో ఏముంటే అది గాల్లోకి లేచేది.

నలభై ఒకటో ఏట ఆమె వెన్నులో జబ్బు చేసింది. ఆస్పత్రిలో మూడు నెలలు పడుకుని, తిరిగి వచ్చేటప్పుడు చక్రాల కుర్చీలో వచ్చింది. పెళ్ళి ఊసు అంతకు ముందే పోయింది. ఉన్నది తమ్ముడూ, మరదలూ. వాళ్ళిల్లు పై వాటా, ఆమె గది కింద. గడప ముందు తమ్ముడు ఒక చెక్క పలక వాలుగా బిగించాడు. ఆ పలక దాకా ఆమె రాజ్యం. పలక దిగితే రాళ్ళు. మూడు వందల ఏళ్ళనాటివంటారు. ఒక్కొక్కటీ తాబేటి వీపులా పైకి ఉబికి ఉంటుంది. కుర్చీ ముందుండే రెండు చిన్న చక్రాలూ ఆ సందుల్లో ఇరుక్కునేవి. పొరుగూళ్ళ నుంచి వచ్చేవాళ్ళు ఆ రాళ్ళను చూసి మురిసిపోయి ఫొటోలు తీసుకునేవాళ్ళు. ఆమె గడపలో కూర్చుని వాళ్ళ చెప్పుల్ని చూసేది.

రోజూ పొద్దున్నే తమ్ముడు వచ్చి కుర్చీ పిడులు పట్టుకునేవాడు. చౌకులో కోట్లు కుట్టే దర్జీ కొట్టు దాకా తోసుకెళ్ళి, ఆమె కుట్టినవి అప్పగించి కొత్తవి తీసుకున్నాక మళ్ళీ తోసుకొచ్చేవాడు. ఆమె పళ్ళు కటకటలాడేవి, ఒళ్ళోని సూదుల డబ్బా గలగలలాడేది. దారి పొడుగునా అతను మాట్లాడుతూనే ఉండేవాడు. ఎవరు ఎదురైనా అతనితోనే మాట్లాడేవాళ్ళు.

"అక్క భోంచేసిందా?" అని కోట్ల దర్జీ ఒకసారి ఆమె తలమీదుగా అడిగాడు.

"నేనిక్కడే ఉన్నానయ్యా. నన్నే అడుగు, నోరు పనిచేస్తోంది" అంది ఆమె.

దర్జీ నవ్వి, మళ్ళీ తమ్ముడితోనే అన్నాడు, "అక్కకి కోపమొచ్చినట్టుందే!"

అలా పదకొండేళ్ళు. పదకొండేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా వీధిలో ఒంటరిగా లేదు. అయినా గుండె నిండా ఒంటరితనమే. ఆ రెండూ ఒకచోట ఎలా ఉంటాయో చెప్పుకుందామంటే అడిగేవాళ్ళు లేరు. ఆమె కోరిక వింటే నవ్వొచ్చేంత చిన్నది. ఇంటి నుంచి చౌకు దాకా తన చేతులతో తాను పోవాలి. గడియారం కింద రాతి బల్ల పక్కన కాసేపు ఆగాలి. దారిన పోయేవాడెవడో తనను టైమెంతని అడగాలి. గడియారం నెత్తిమీదే ఉన్నా సరే, అడగాలి.

ఒక వేసవి మొదట్లో ఇంజినీరమ్మ వచ్చింది. ఆవిడ పని పాతపేట వీధుల్లో నడవలేనివాళ్ళకు దారి తీయడం. గుడ్డివాళ్ళూ, కర్రల మీద నడిచేవాళ్ళూ, చక్రాల కుర్చీల వాళ్ళూ చౌకు చేరాలి, కానీ పాత రాయి చెడకూడదు. కమిటీ వాళ్ళు అంతకుముందే ఎనిమిది నెలలు సతాయించి, చివరికి ఒప్పుకున్నారు. వీధి నడుమ పాత నీళ్ళ కాలువ ఉంది, బెత్తెడు లోతు. దానికి ఒక పక్కన, రెండేసి జోడీగా, నున్నగా కోసిన బండలు పరవాలి. మొత్తం నాలుగు వందల పన్నెండు బండలు. రంగు పాత రాయి రంగే ఉండాలి, సందు చిటికెన వేలు దాటకూడదు. పని కాజాలక్క తమ్ముడికే వచ్చింది.

ఇంజినీరమ్మ పటం పట్టుకుని ఆ గదికి వచ్చింది. వచ్చినవాళ్ళందరిలో ఆవిడ ఒక్కతే కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కాజాలక్క మొహంలోకి చూస్తూ మాట్లాడింది. "మీకు ఎంత వెడల్పు కావాలి? మీరు తోసుకునేటప్పుడు మోచేతులు ఎంత దూరం వస్తాయి?" అని టేపు పెట్టి కొలుచుకుంది. ఆ రాత్రంతా కాజాలక్కకు తన మోచేతులు కొత్తగా మొలిచినట్టు అనిపించాయి.

నాలుగు నెలలు తమ్ముడు పని చేశాడు. పని చేశాడనడం చాలదు, ఆ వీధిలోనే కాపురం పెట్టాడు. సాయంత్రం వచ్చి అక్క గడపలో కూర్చుని టీ తాగుతూ ఆ రోజు ఎన్ని బండలు పడ్డాయో చెప్పేవాడు.

"ఇంజినీరమ్మ మంచిదే కానీ అక్కా, పటంలో బండని దాదాపు చదునుగా పెట్టేసింది. అడ్డంగా వాలే లేదు. ఉందంటే ఉంది, వేలెడు కూడా కాదు."

"అయితే?"

"అయితే ఏముంది, వానొస్తే నీళ్ళు దాని మీదే నిలుస్తాయి. పాచి పడుతుంది. గజానికి రెండు వేళ్ళ వాలు కాలువ వైపుకి ఇవ్వాలి. నాన్న ఇచ్చిందంతే, తాత ఇచ్చిందంతే. నీళ్ళు నిలిచిన చోట మేస్త్రి పేరు నిలవదు."

"ఆవిడకి చెప్పావా?"

"చెప్తే లెక్కలు తీస్తుంది. కాగితం మీద వాన కురవదక్కా!"

ఆ మాటకు ఆమె పగలబడి నవ్వింది. ఎంత బాగా అన్నావురా అంది. తర్వాత్తర్వాత ఆ నవ్వు ఆమెకు చాలాసార్లు గుర్తొచ్చింది.

కమిటీ వాళ్ళు వచ్చి కొలిచారు. రంగు చూశారు, సందులు చూశారు, వెడల్పు చూశారు. ఇంజినీరమ్మ పొడుగునా వాలు చూసి బాగుందంది. అడ్డంగా ఎవరూ చూడలేదు. చూడటానికి అక్కడ ఏదో ఉందని రాళ్ళ మేస్త్రికి తప్ప ఎవరికీ తెలియదు, రాళ్ళ మేస్త్రికేమో అది తప్పని తెలియదు.

ప్రారంభం రోజు కమిటీ కార్యదర్శిగారు దండ తెచ్చాడు. అది ఎవరి మెడలో వెయ్యాలో తేలక, కుర్చీ పిడికి తగిలించాడు. తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీ తోశాడు. ఆ చొక్కా కాజాలు ఆమె కుట్టినవే. బండల మీద చక్రాలు చప్పుడు లేకుండా జారాయి. పదకొండేళ్ళలో మొదటిసారి సూదుల డబ్బా గలగలమనలేదు. జనం చప్పట్లు కొట్టారు.

"ఎలా ఉంది?" అని కార్యదర్శిగారు అడిగాడు, తమ్ముడిని.

"వెన్నపూసండీ" అన్నాడు తమ్ముడు. అన్న తర్వాత వంగి అక్క చెవిలో చెప్పాడు, "రేపటి నుంచి నువ్వే మహారాణివి. నన్ను పిలిచావో, ఊరుకోను."

మర్నాడు ఆమె ఒక్కతే బయల్దేరింది. పొద్దున ఎనిమిదైంది. పలక దిగి, మొదటి బండ మీదికి వచ్చి, రెండు చేతులూ చక్రాల మీద పెట్టి తోసింది. కుర్చీ కదిలింది. ఆ కదలిక తనదే.

పది గజాలు పోయాక కుర్చీ ఎడమకు లాగడం మొదలుపెట్టింది. చెయ్యి సరిగా పడలేదేమో అనుకుని సర్దుకుంది. మళ్ళీ లాగింది. కాలువ ఎడమవైపు ఉంది. కుర్చీకి దాహం వేసినట్టు కాలువ వైపే పోతోంది. నిటారుగా పోవాలంటే కుడి చక్రాన్ని పట్టి ఆపుతూనే ఉండాలి. చక్రం అంచు అరచేతిని రాచుతోంది. సగం దారిలో ఒక్క క్షణం చెయ్యి తీసిందో లేదో, ఎడమ చిన్న చక్రం కాలువలోకి దిగిపోయింది. కూరల కొట్టతను పరుగెత్తుకొచ్చి ఎత్తాడు. "తమ్ముడు రాలేదా అక్కా?" అన్నాడు.

"రాలేదు" అంది, ఆ రాకపోవడమేదో గొప్పలా.

చౌకు చేరేసరికి కుడి అరచేయి ఎర్రగా కందింది. అయినా గడియారం కింద ఆగింది. రాతి బల్ల పక్కన ఒక్కతే. ఎవరో కొత్త మనిషి, చేతిలో సంచీ, అటూ ఇటూ చూసి ఆమె దగ్గరికి వచ్చాడు. "అమ్మా, పాత లైబ్రరీకి ఎటు పోవాలి?" అన్నాడు. ఆమెనే అడిగాడు. ఆమె వెనక చూసుకుంది, అలవాటుగా. వెనక ఎవరూ లేరు. లైబ్రరీకి దారి కావలసినదానికన్నా మూడింతలు పొడుగ్గా చెప్పింది, సందులన్నీ, మలుపులన్నీ, పదకొండేళ్ళ కిందట మూసేసిన చెప్పుల కొట్టుతో సహా.

తిరుగు ప్రయాణంలో దారి ఎగువ. కాలువ ఇప్పుడు కుడివైపు వచ్చింది. కుర్చీ కుడికి లాగుతుంటే కుడి చక్రాన్నే గట్టిగా తోయాలి. పోయేటప్పుడు ఆపిందీ కుడి చెయ్యే, వచ్చేటప్పుడు తోసిందీ కుడి చెయ్యే. ఎడమ చెయ్యి అత్తారింటికొచ్చిన అల్లుడిలా ఊరికే పక్కన కూర్చుంది. ఇంటికి చేరాక ఆమె చాలాసేపు గడపలోనే ఉండి బండల్ని చూసింది. అప్పుడు అర్థమైంది. గజానికి రెండు వేళ్ళు.

వెనక మనిషి ఉండి తోస్తే తెలియదు. రాళ్ళ బళ్ళు తోసి తోసి ఆ వాలు తమ్ముడి భుజాల్లోనే ఉంది, అతనికి అసలే తెలియదు.

సాయంత్రం అతను వచ్చాడు. గడపలో నిలబడి, చేతులు కట్టుకుని, పరీక్ష ఫలితం కోసం వచ్చినవాడిలా, "ఊఁ?" అన్నాడు.

నాలుగు నెలలు అతను మోకాళ్ళకు గోనె గుడ్డలు కట్టుకుని పాకడం ఆమె చూసింది. ఆ మోకాళ్ళు ఇంకా వంగే ఉన్నాయి.

"బాగుందిరా. చాలా బాగుంది" అంది.

అబద్ధమాడి తప్పించుకుందామని కాదు. రేపు చెబుదామనుకుంది. ఆ రేపు రేపట్లాగే ఉండిపోయింది.

తమ్ముడు పొద్దున్నే రావడం మానేశాడు. రావద్దని ఎవరూ అనలేదు, ఆమె సొంతంగా పోతోందన్న సంతోషంతో మానేశాడు. దారి పొడుగునా వినిపించిన కబుర్లు పోయాయి. మరదలు మెట్లు దిగుతూ "వదినా, మీకిప్పుడు మాతో పనేముంది!" అని మేలమాడేది. వారంలో రెండు రోజులు, తర్వాత ఒక రోజు, అతను పై నుంచి దిగి వెళ్ళేటప్పుడు కిటికీలోంచి చెయ్యి ఊపిపోయేవాడు. ఆమె గదిలో గోడ గడియారం చప్పుడు అంతకుముందు ఎప్పుడూ అంత పెద్దగా వినిపించలేదు.

రెండు నెలలకు కుడి భుజం చెయ్యి ఎత్తనివ్వలేదు. అది సుత్తి వేసే చెయ్యి. ఒకరోజు కోట్ల దర్జీ కోటు వెనక్కి తెచ్చి ఒళ్ళో పెట్టాడు.

"అక్కా, కోప్పడకు. ఈ కాజా చూడు, తాగొచ్చి నిలబడ్డట్టుంది."

చూసింది. అంచు వంకరపోయింది. గుడ్డ మీద రెండు దెబ్బల గుర్తుంది. ఆమె జీవితంలో మొదటి రెండో దెబ్బ.

ఆ రోజు నుంచి చౌకుకు పోవడం మానేసింది. కోట్లను కొట్టు మనిషితో ఇంటికే పంపించమంది. నున్నటి బండల మీద పిల్లలు బొంగరాలు తిప్పుకున్నారు, పొరుగూరివాళ్ళు పెట్టెలు ఈడ్చుకుపోయారు. కుర్చీ మాత్రం గడప దిగలేదు. తమ్ముడు ఒక వారం చూశాడు, రెండు వారాలు చూశాడు. మూడో వారం గుమ్మంలోకి వచ్చి అరిచాడు.

"ఊళ్ళో అందరూ అడుగుతున్నారు, మీ అక్క కోసం వేసిన దారి మీద మీ అక్కే కనపడదేమని. ఏం చెప్పను? నాలుగు నెలలు పాకాను అక్కా, పాకాను!"

"నీళ్ళు నిలవట్లేదు కదా, నీ పేరుకేం?" అంది ఆమె. అనకూడదనుకుంటూనే అంది.

"అంటే ఏంటి?"

ఆమె కుర్చీ తిప్పి, పలక దిగి, మొదటి జోడీ బండల మీద ఆగింది. తెల్ల దారపు రీలు ఒకటి తీసింది. కిందిదాకా వంగడం కుదరదు కాబట్టి అతని చేతికిచ్చి, "దీన్ని పొడుగ్గా పడుకోబెట్టు, దారి మధ్యలో" అంది.

అతను పెట్టాడు. చెయ్యి తీశాడు. రీలు కొంచెం తటపటాయించి, కదిలి, దారం వదులుతూ బండకు అడ్డంగా దొర్లి కాలువలో పడింది. బండ మీద తెల్లటి గీత ఒకటి మిగిలింది.

"వాలుండాలి కదా! లేకపోతే నీళ్ళు..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాడు. కుర్చీ చక్రాలు చూశాడు. ఆమె కుడి అరచేయి అప్పుడే పట్టుకుని చూశాడు, కాయ కాసి ఉంది. రాళ్ళ మేస్త్రి చేతిలాగే ఉంది.

"మొదటిరోజే తెలుసా?"

"తెలుసు."

"మరి బాగుందన్నావు!"

"బాగుంది కాబట్టే అన్నాను. నున్నగా ఉంది. అందంగా ఉంది."

"ఇన్నాళ్ళూ నన్ను వెర్రివాణ్ణి చేశావా అక్కా? అందరి ముందూ వెన్నపూస అన్నాను." అతని గొంతు బండ కింద బోలున్నట్టు పలికింది. రీలు కాలువలోంచి తీసి, తడి తుడిచి, దారం చుట్టకుండానే ఆమె ఒళ్ళో పెట్టి పైకెళ్ళిపోయాడు.

మర్నాడే ఇంజినీరమ్మ దగ్గరికి వెళ్ళి తప్పు తనదేనని చెప్పాడు. ఆవిడ తల పట్టుకుంది. కొలవకపోవడం తన తప్పని కూడా ఒప్పుకుంది. మళ్ళీ పరవడానికి అర్జీ రాస్తానంది. కమిటీ కూర్చోవాలి, ఒప్పుకోవాలి, ఏడాది పట్టొచ్చు. కమిటీ కార్యదర్శిగారయితే అర్జీ చదవకముందే, "దండ వేసి ప్రారంభించిన దారి అది. పాతపేటని ఏటేటా తవ్వుకుంటూ పోతామా?" అన్నాడట.

తమ్ముడు ఏడాది ఆగే మనిషి కాదు. తెల్లవారుజామున, వీధి లేవకముందే, గునపంతో ఒక జోడీ బండలు లేపి, వాలు వైపు ఇసుక దట్టించి, చదును చేసి మళ్ళీ కూర్చోబెట్టేవాడు. రోజుకొక జోడీ. అక్క గడప నుంచి మొదలుపెట్టాడు. ఆమె మంచం మీద పడుకుని వినేది. మూడు దెబ్బలు. నిశ్శబ్దం. మూడు దెబ్బలు. నిశ్శబ్దం. అతను ఆమెతో మాట్లాడి అప్పటికి నెలైంది.

పదకొండో జోడీ నాడు కమిటీ కాపలాదారు పట్టుకున్నాడు. కాగితం వచ్చింది. అనుమతి లేకుండా ఇంకొక్క రాయి కదిలిస్తే జాబితా నుంచి పేరు కొట్టేస్తారు. మరదలు ఆ కాగితం పట్టుకుని కిందకు వచ్చింది. మేలమాడే మనిషి మొహంలో రక్తపు చుక్క లేదు.

"వదినా, మీరన్నా చెప్పండి. రాళ్ళు తప్ప ఆయనకి ఇంకో పని రాదు. రాదు కాదు, పట్టదు."

కాజాలక్క తమ్ముణ్ణి పిలిపించింది. అతను గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఆపెయ్యరా. కమిటీ వాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఒప్పుకుంటారు."

"ఊఁ."

"నా కోసం నీ పేరు పోగొట్టుకోకు."

"నీ కోసం కాదు." ఆమె వైపు చూడకుండా అన్నాడు. "నువ్వీ వీధిలో ఉన్నంతకాలం ఆ బండలు నన్ను పడుకోనివ్వవు. నువ్వు గడపలో కూర్చుని ఉంటావు, అవి వంకరగా ఉంటాయి. రోజూ దాటిపోవాలి. నావల్ల కాదక్కా."

కోపంతో అన్న మాట కాదు. కోపంతో అంటే ఆమె కొట్టిపారేసేది.

మర్నాడు కూడా తెల్లవారుజామున మూడు దెబ్బలు వినపడ్డాయి. ఈసారి సుత్తికి గుడ్డ చుట్టినట్టున్నాడు, మెత్తగా.

ఆమె కోట్ల దర్జీకి కబురు పెట్టింది. వంతెన అవతల కొత్తపేటలో అతని బావమరిదికి బడిపిల్లల చొక్కాలు కుట్టే పెద్ద కొట్టుంది. సిమెంటు నేల, పక్కనే కింది వాటాలో గది. కాజాలకు మనిషి కావాలని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. ఆ పేటలో రోడ్లు ఎవరి కోసమూ ప్రత్యేకంగా వేసినవి కావు, చదునుగా ఉన్నాయంతే. ఆ మాట వినగానే ఆమెకు ఏదో బరువు దిగినట్టయింది. ఎవరికీ ఋణపడకుండా, ఎవరి మోకాళ్ళూ గుర్తురాకుండా పోవచ్చు.

"అక్కడ నీకు తెలిసినవాళ్ళు ఒక్కళ్ళు కూడా లేరే" అన్నాడు దర్జీ. ఈసారి ఆమెనే చూసి అన్నాడు, చూడటానికి వెనక ఎవరూ లేరు కదా.

"ఇక్కడ మాత్రం నాతో మాట్లాడేదెవరు? నువ్వు నా కుర్చీతో మాట్లాడతావు, మా తమ్ముడు బండలతో మాట్లాడతాడు."

దర్జీ నవ్వబోయి మానుకున్నాడు. "తమ్ముడికి చెప్పావా?"

"చెప్తాను."

వారం రోజులపాటు కుట్టిన కోట్లతో పాటు ఒక్కొక్కటే పంపేసింది. చెక్క దిమ్మ, మైనం ముద్ద, దారాలు, రెండు చీరలు, చివరికి గోడ గడియారం. ఉలి మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. ప్రతి సాయంత్రం చెబుదామనుకుంది. ప్రతి సాయంత్రం అతను కిటికీ ముందునుంచి తల వంచుకుని పోయాడు. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. నెల రోజుల మౌనమూ ఒక్కసారిగా కరిగి, అతను వచ్చి కుర్చీ పిడులు పట్టుకుంటాడు. వద్దు పొమ్మనే బలం ఆమె దగ్గర లేదు. పిడులు పట్టుకున్నాక ఇక వెళ్ళడం ఉండదు.

కొత్తపేట పోయే కోట్ల వ్యాను చౌకులోకి ఆరున్నరకు వస్తుంది. ఆ పొద్దున మంచు పట్టింది. ఆమె ఆరుకే దీపమార్పి, తలుపు దగ్గరగా వేసి, తాళంచెవి గూట్లో పెట్టి, పలక దిగింది.

అతను సరిచేసిన బండలు పదిహేడు జోడీలు. ఆమె వాటి మీద ఇంతవరకు పోనేలేదు. రెండు చేతులూ చక్రాల మీద పెట్టింది. కుర్చీ నిటారుగా పోయింది. కుడికీ ఎడమకీ ఒకే బరువు. చేతులు తేలిపోతున్నట్టున్నాయి. ఇది ఇలా ఉంటుందా అనుకుంది. ఇలాగే కదా అతను వెన్నపూస అన్నది.

పదిహేడు జోడీల అవతల అతను మోకాళ్ళ మీద ఉన్నాడు. ముఖం కాలువ వైపు, వీపు గోడ వైపు. పద్దెనిమిదో జోడీలో ఒక బండ కూర్చుంది, రెండోది కూర్చుంటోంది. దారి మూసుకుపోయింది. అతనికీ గోడకీ మధ్య కుర్చీ పట్టేంత పాత రాళ్ళున్నాయి. తాబేటి వీపులు. రెండు గజాల మేర.

ఆమె ఆగింది. వెనక్కి పోవచ్చు. "తమ్ముడూ" అని పిలవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

అతను సుత్తెత్తాడు. ఒకటి, రెండు, మూడు.

ఆ చప్పుడులో ఆమె వెనక్కి వాలి, ముందు చక్రాలు కొద్దిగా లేపి, పాత రాళ్ళ మీదికి దిగింది. ఆగింది. అతను తల వంచి చెవి ఆనించాడు. ఆమె ఊపిరి బిగబట్టింది, గిన్నె పట్టుకుని నాన్న పక్కన నిలబడ్డట్టు. అతని మెడ వెనక జుట్టు నెరిసింది. చొక్కా చేతి అంచున ఒక గుండీ వేలాడుతోంది. కాజా మాత్రం చెక్కుచెదరలేదు.

మూడు దెబ్బలు. ఒక మూర. నిశ్శబ్దం. మూడు దెబ్బలు. ఇంకో మూర. కుడి భుజం సలిపింది. ఉలి ఒళ్ళోంచి జారబోతే మోకాళ్ళ మధ్య నొక్కిపట్టింది. చెయ్యి చాస్తే అతని వీపు అందుతుంది. అంత దగ్గరగా ఉన్నప్పుడు అతను చాలాసేపు విన్నాడు. ఇసుక ఇంకా జారుతున్నట్టుంది. ఆమె కళ్ళు మూసుకుంది.

మూడు దెబ్బలు.

నాలుగోసారికి కుర్చీ మళ్ళీ నున్నటి బండల మీదికి ఎక్కింది. వాలున్న బండలు. వెంటనే కాలువ వైపు లాగాయి. ఆమె కుడి చెయ్యి చక్రం అంచు మీద వేసి బిగించి పట్టుకుని, మంచులోకి దిగువకు పోయింది. కూరల కొట్టు దాటింది. కొట్టింకా తెరవలేదు. చౌకులో వ్యాను దీపాలు పసుపుపచ్చగా కనిపించాయి.

వెనక మూడు దెబ్బలు పడ్డాయి. తర్వాత అతను వింటున్న ఆ కాసేపు ఆమె అలవాటుగా ఆగి, మళ్ళీ కదిలింది.